మరా మరా అన్నా పలికే మైకు

త్వష్ట కొడుకును ఇంద్రుడు చంపాడు. పగ తీర్చుకోవడానికి త్వష్ట యజ్ఞం తలపెట్టాడు. ఇంద్రుణ్ని చంపగల కొడుకు పుట్టాలని కోరిక. మంత్రంలో ‘ఇంద్రశత్రు’ అనే మాట ఉంది. అందులో ఉదాత్త స్వరం చివర పడితే ఇంద్రుణ్ని చంపేవాడని అర్థం. మొదట పడితే ఇంద్రుడి చేతిలో చచ్చేవాడని. పలికినప్పుడు అది మొదట పడింది. వృత్రుడు పుట్టాడు, కొండంత పెరిగాడు, చివరికి ఇంద్రుడి చేతిలోనే పోయాడు. వ్యాకరణం ఎందుకు చదవాలో చెబుతూ పతంజలి తన మహాభాష్యం మొదట్లోనే ఈ ముచ్చట ఎత్తుకున్నాడు. సమిధలు, నెయ్యి, ఋత్విక్కులు అన్నీ సమకూరినా సరే, గొంతు లేవవలసిన ఒక్క చోట లేవకపోతే పని మొత్తం తిరగబడుతుందన్నమాట.

గోదావరి ఒడ్డున చెప్పుకునే కథ దీనికి సరిగ్గా ఎదురుగా నిలబడుతుంది. బోయవాడిని ఋషులు ‘రామ’ అక్షరాలు తిప్పి ‘మరా మరా’ అనుకోమన్నారు. అనుకున్నాడు. ఒంటి చుట్టూ పుట్ట పెరిగింది, అందులోంచి వాల్మీకి లేచి వచ్చాడు. ఈ కథ వాల్మీకి రామాయణంలో లేదు, అధ్యాత్మ రామాయణంలో ఉంది. ఎక్కడున్నా తెలుగు ఇళ్లలో అది తెలియనివాళ్లు అరుదు. తలకిందులుగా పలకడం ఇక్కడ అడ్డు కాలేదు సరికదా, అదే దారైంది.

మంత్రానికి తప్పు పట్టింపు ఉంది, నామానికి లేదు. కొత్తగూడెం, పాల్వంచ, మణుగూరు, భద్రాచలం బజార్లలో షామియానాలూ కుర్చీలూ మైకు సెట్లూ అద్దెకిచ్చేవాళ్లు ఈ తేడాను శాస్త్రంగా చదువుకుని ఉండకపోవచ్చు. కానీ కార్డ్‌లెస్ మైకు కొనడానికి వెళ్లినప్పుడు వాళ్ల ముందున్న ప్రశ్న ఇదే. కొనవలసింది మంత్రం లాంటి మైకా, నామం లాంటి మైకా?

మంత్రం లాంటి మైకులు బజారులో బోలెడున్నాయి. రిసీవర్ ముందు చిన్న తెర, దాని వెనక మెనూ, మెనూలో మరో మెనూ. గ్రూపు, చానెల్, గెయిన్, స్క్వెల్చ్ ఇలా ఒక్కోటి ఒక్కో ఉదాత్తం. తెలిసిన సౌండు ఇంజినీరు చేతిలో ఆ పరికరం అద్భుతంగా పలుకుతుంది. అద్దె సామాను వెళ్లేది మాత్రం అలాంటి చేతుల్లోకి కాదు. భజన మండలి పెద్ద, గ్రామసభ పెట్టిన సర్పంచ్, ఆదివారం ప్రార్థన నడిపే పాస్టరు, మిలాద్ సభలో మాట్లాడే మౌల్వీ, పెళ్లిపందిట్లో పేర్లు చదివే మేనమామ, వీళ్లే దాన్ని పట్టుకునేది. వాళ్లలో ఎవరైనా పొరపాటున చానెల్ మీట నొక్కారంటే మైకు ఒక చోట, రిసీవర్ మరో చోట. ఎర్ర దీపం వెలుగుతూనే ఉంటుంది, మాట మాత్రం రాదు. కొందరు దాన్ని అరచేత్తో కొడతారు, కొందరు ఊదుతారు. సభ నవ్వుతుంది. తప్పు యంత్రానిదైనా చిన్నబోయేది మనిషి.

ఆ చిన్నబోవడం దగ్గరే ఇది కొనుగోలు లెక్క దాటి ధర్మసందేహం అవుతుంది.

ఏ కర్మ ఎవరు చేయవచ్చో విచారించడానికి మీమాంసకులు ‘అధికారం’ అనే మాట వాడారు. ఇవాళ అధికారం అంటే జీపు దిగే ఆఫీసరు గుర్తొస్తాడు. పూర్వం అది అర్హత పేరు. యజ్ఞానికి అగ్ని ఉండాలి, ధనం ఉండాలి, చదువుండాలి, పుట్టుక కలిసి రావాలి. ఇన్ని వడపోతల తర్వాత మిగిలినవాడే అధికారి. నామానికి అలాంటి షరతు ఏదీ లేదని చెప్పడమే భక్తి మార్గం చేసిన పెద్ద పని. రామానుజుల కథ అక్కడే మలుపు తిరుగుతుంది. తిరుక్కోష్టియూర్ నంబి దగ్గర అష్టాక్షరి పొందడానికి ఆయన పద్దెనిమిది సార్లు నడిచి వెళ్లాడంటారు. ఎవరికీ చెప్పకూడదన్న మాట మీద మంత్రం అందింది. అందిన వెంటనే ఆయన గోపురమెక్కి ఊరందరికీ చెప్పేశాడు. గురువు కోపగిస్తే, ఇంతమంది తరించేటప్పుడు తానొక్కడు నరకానికి పోతే ఏమవుతుందన్నాడని సంప్రదాయం చెబుతుంది. చరిత్రకారులు ఈ కథలో ఏది ఎంతవరకు నిజమో తేల్చుకోనీ; దక్షిణాదిలో దీన్ని విననివాళ్లు లేరు. మంత్రాన్ని నామం చేసిన క్షణం అది.

భద్రాచలం గుడి పుట్టుకలోనూ ఇదే తీరు. స్థలకథ ప్రకారం పుట్టలో ఉన్న విగ్రహాలను మొదట చూసింది పోకల దమ్మక్క, భద్రిరెడ్డిపాలెం అడవి మనిషి. ఆగమం ఆమెకు తెలియదు. పైన ఇంత పందిరి వేసింది, తాటిపండు నైవేద్యం పెట్టింది. పాంచరాత్రం, ప్రాకారాలు, గోపురం అన్నీ తరవాత వచ్చాయి. మొదటి పూజకు అర్హత అడిగినవాడు లేడు.

ఇప్పుడు మళ్లీ మైకు దగ్గరికి వద్దాం. నలభై మీటలున్న పరికరాన్ని పల్లెటూరి భజన మండలికి అద్దెకివ్వడమంటే, రామానుజుడు కిందికి దించిన మంత్రాన్ని మళ్లీ గోపురం మీద పెట్టి మెట్లు తీసేయడమే. మాట్లాడటానికి వచ్చినవాడికి మాట్లాడే అర్హత ఉందా అని పరికరం పరీక్ష పెడుతుంది. ‘మైకు పట్టుకోవడం కూడా రాదు’ అనే ఎగతాళి మన ఊళ్లలో ఎవరి మీద ఎక్కువగా పడుతుందో గమనిస్తే సంగతి తెలుస్తుంది. ఆడవాళ్ల మీద, ముసలివాళ్ల మీద, తెలుగు రెండో భాషగా మాట్లాడే కోయ పెద్దల మీద.

దీనికి ఒక ఎదురు మాట ఉంది, దాన్ని దాటేసి పోకూడదు. అసలు మైకెందుకు? దేవుడికి చెవుడా అని కబీరు ఎప్పుడో ఎత్తిపొడిచాడు. మనుస్మృతి లెక్క ఇంకా పదునుగా ఉంటుంది. విధియజ్ఞం కన్నా పైకి పలికే జపం పది రెట్లు మేలు, పెదవులు మాత్రమే కదిలే ఉపాంశు జపం నూరు రెట్లు, మనసులోనే చేసేది వెయ్యి రెట్లు. అంటే గొంతు తగ్గేకొద్దీ ఫలం పెరుగుతుంది. ఈ లెక్కన హారన్లు కట్టిన భజనకు దక్కేది ఎంతో ఎవరికి వాళ్లు వేసుకోవచ్చు.

న్యాయస్థానాలు కూడా ఈ ప్రశ్న ముందు నిలబడ్డాయి. చెన్నైలోని ఒక చర్చి మీద ఇరుగుపొరుగు వేసిన కేసులో 2000 ఆగస్టులో సుప్రీంకోర్టు, ఇతరుల ప్రశాంతతను చెడగొట్టి ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పలేదని తీర్పిచ్చింది. 2020 మేలో అలహాబాదు హైకోర్టు, అజాన్ ఇస్లాంలో భాగమే కానీ లౌడ్‌స్పీకర్ కాదంది. సనాతన యూదులు సబ్బాతు రోజున ప్రార్థనా మందిరంలో మైకు వాడరు. ఎంత పెద్ద మందిరమైనా ఆ రోజు వట్టి గొంతే దిక్కు. మూడు మతాల మీదుగా చూసినా తేలేది ఒకటే. దేవుడి వైపు నుంచి మైకు అవసరం లేదు.

అవసరం ఉన్నది వెనక వరసలో కూర్చున్న మనిషికి. శ్రీరామనవమి నాడు భద్రాచలం మిథిలా స్టేడియంలో మండపానికి దూరంగా, తలపాగా మీద తువ్వాలు కప్పుకుని ఎండలో కూర్చున్న ముసలాయనకు సీతమ్మ మెడలో పడే సూత్రం కనిపించదు. రాముడికి మైకు లేకపోయినా వినిపిస్తుంది, ఈ ముసలాయనకు వినిపించదు. మైకు పూజాద్రవ్యం కాదు, అన్నదానంలో గరిట లాంటిది. వడ్డన బంతి చివరికి చేరాలి, బంతి దాటి వీధిలో పారకూడదు. 2000 నాటి శబ్ద నియమాలు చెప్పేదీ దాదాపు అదే. లౌడ్‌స్పీకర్ పెట్టిన బహిరంగ స్థలం హద్దు దగ్గర మోత, ఆ ప్రాంతానికి పెట్టిన పరిమితి కన్నా పది డెసిబెల్స్ మించకూడదు, లేదా 75 దాటకూడదు, రెండింటిలో ఏది తక్కువైతే అది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట మోగకూడదు. ప్రభుత్వం ఏడాదికి పదిహేను రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వవచ్చు. భద్రాచలంలో దీనికొక తమాషా తోడైంది. 2014లో చుట్టూ ఉన్న మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయి ఊరు మాత్రం తెలంగాణలో మిగిలింది. పట్నం చివర హారన్ కాస్త గట్టిగా మోగిందంటే ఆ పాట ఏటపాక వైపు రాష్ట్ర సరిహద్దు దాటేస్తుంది. దానికి ఏ చెక్‌పోస్టూ లేదు.

వెనక వరస కోసం గొంతును మోసిన ఘనుడు ఈ ప్రాంతానికి బాగా తెలిసినవాడే. ఉషశ్రీ, అసలు పేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు, విజయవాడ ఆకాశవాణి నుంచి రామాయణ భారతాలు చెప్పి ఆదివారం మధ్యాహ్నాలను తన వశం చేసుకున్నాడు. భద్రాచల కల్యాణానికి ఆయన చెప్పిన రేడియో వ్యాఖ్యానం విన్న తరం ఇంకా ఉంది. కల్యాణం చూడలేనివాళ్లు దాన్ని చెవులతో చూశారు. 1990లో ఆయన పోయాడు. ఆయన ముందున్న యంత్రం గురించి ఎవరికీ ఏమీ గుర్తులేదు. గొంతు మాత్రమే గుర్తుంది. మైకుకు అంతకన్నా మెచ్చుకోలు ఏం కావాలి!

మైకు వచ్చాక పూజ కూడా మారింది. మార్షల్ మెక్‌లూహన్ అనే కెనడా పండితుడు, కేథలిక్కు, 1974లో ఒక వ్యాసంలో విచిత్రమైన మాటన్నాడు. చర్చిలో లాటిన్‌ను పోగొట్టింది మైకేనట. గురువు దూరంగా గొణుగుతున్నంతసేపూ అర్థం కాకపోయినా భక్తులకు పట్టింపు లేదు. అదే గొణుగుడు చెవి పక్కకు వచ్చేసరికి అర్థం కాలేదన్న సంగతి బయటపడింది. ఈ వాదం పూర్తిగా ఒప్పుకోనక్కర్లేదు. అయినా భద్రాచలంలో జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు, రామదాసు చేయించిన మంగళసూత్రాన్ని ఎత్తి చూపేటప్పుడు అర్చకులు సంస్కృతం ఆపి తెలుగులో వివరించే తీరు చూస్తే అది గుర్తు రాక మానదు. మండపంలో పదిమందికే వినపడే రోజుల్లో ఆ వివరణ ఎవరి కోసం చెప్పాలి? అక్కడి కల్యాణంలో రాముడి ప్రవర ఎలా చదవాలన్న దాని మీద ఏళ్ల తరబడి తగువు నడిచింది. రేడియో, టీవీలు ప్రతి అక్షరాన్నీ ఇంటింటికీ మోయకపోతే అది ఇంత దూరం వచ్చేది కాదేమో. 2020లో కరోనా వల్ల కల్యాణం భక్తులు లేకుండా గుడి ప్రాంగణంలోనే జరిగింది. ఎదురుగా వినేవాళ్లు లేరు, మైకు ఉంది. ఆ ఏడు రాష్ట్రమంతా వెనక వరసే.

రామదాసు సంగతి చెప్పకుండా మధ్యవర్తి గురించి మాట్లాడలేం. పాల్వంచ పరగణా తహశీల్దారు కంచర్ల గోపన్న సర్కారు పన్ను సొమ్ముతో గుడి కట్టి గోల్కొండ చెరసాలలో పడ్డాడు. తానీషా కాలం, పదిహేడో శతాబ్దం. రాముడికి ఎంత మొరపెట్టుకున్నా ఉలుకూ పలుకూ లేకపోయేసరికి ఆయన సీతమ్మ వైపు తిరిగాడు. నువ్వైనా నా సంగతి ఆయన చెవిన వెయ్యమ్మా అని వేడుకున్నాడు. శ్రీవైష్ణవులు దీన్ని పురుషకారం అంటారు. తల్లి జీవుడి మొరను అయ్య దగ్గరికి చేరుస్తుంది. ఆమె తన మాట కూడా కలిపి అయ్యను ఒప్పిస్తుంది. మైకు మాత్రం తన మాట కలపకూడదు. కలిపితే ఏమవుతుందో చెప్పడానికి వేదాంతుల ఉపమానం ఒకటి పనికొస్తుంది. స్ఫటికం పక్కన మందారం పెడితే స్ఫటికం ఎర్రగా కనిపిస్తుంది. ఆ ఎరుపు స్ఫటికానిది కాదు, పక్కనున్న మందారానిది; దాన్నే వాళ్లు ఉపాధి అంటారు. చౌక మైకులో బొంగురుపోయి వచ్చే గొంతు కూడా అంతే. విన్నవాళ్లు మాత్రం ‘పంతులుగారి గొంతు పోయింది’ అనుకుంటారు.

ఇంత వేదాంతం తలలో పెట్టుకుని దుకాణానికి వెళ్లినవాడు ఏం కొనాలి? ఈ చర్చలో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. చాలామంది గొంతు నాణ్యత చూసి కొంటారు. అద్దెకివ్వడానికి అది రెండో సంగతి. మొదటిది, తప్పు చేసినా పలుకుతుందా అన్నది.

మైకు మీద ఒకే స్విచ్చి ఉండాలి. చానెల్ మార్చే మీట ఉంటే అది సెల్లు పెట్టే మూత లోపల దాగి ఉండాలి. ఏ మైకుకు ఏ రిసీవరో అంకెలతో కాదు, రంగు టేపుతో చెప్పాలి. ఎర్రదానికి ఎర్రది, పచ్చదానికి పచ్చది. చదువు రానివాళ్లకూ తెలుస్తుంది. రిసీవర్‌కు రెండు యాంటెనాలుండి, ఏది బాగా అందుకుంటే దాన్ని అదే ఎంచుకునే రకమైతే మనిషి వేదిక మీద అటూ ఇటూ తిరిగినా మాట తెగదు. సెల్లు విషయంలో కొత్త ఫ్యాషన్, లోపలే కూర్చుని చార్జింగ్ అయ్యే బ్యాటరీ. పట్నంలో అది సుఖం. చర్లలోనో వెంకటాపురంలోనో రాత్రి ఎనిమిదింటికి అది చల్లబడిందంటే చేయగలిగిందేమీ లేదు. పెన్సిల్ సెల్లు కిరాణా కొట్లో దొరుకుతాయి. ప్రతి కార్యక్రమానికీ కొత్త జత వేసి, సగం వాడిన పాతవాటిని గోడ గడియారాలకు పంచిపెట్టడమే మంచి లెక్క. దండగలా కనిపిస్తుంది కానీ పెళ్లి మధ్యలో మైకు చచ్చిపోతే పోయే అద్దె దానికన్నా ఎక్కువ.

రేడియో అల సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ మైకులు చిన్నవి, చౌక, వాడటం తేలిక. వాటి అల పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లే. మనిషి ఒళ్లంటే సగానికి పైగా నీరు. ఆ నీరు అలను తాగేస్తుంది, అంత చిన్న అల మనిషిని చుట్టుకుని అవతలికి పోలేదు. పైగా వైఫై, బ్లూటూత్ కాపురం ఉండేదీ అదే వీధిలో. ఇరవైమంది కూర్చున్న గదిలో బ్రహ్మాండంగా పలికింది రథయాత్ర గుంపులో నత్తి పడుతుంది. 600 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే యూహెచ్ఎఫ్ మైకు అల అర మీటరు, గుంపులో కాస్త నిలుస్తుంది. 700 దాటిన పాత మైకులు ఇప్పుడు కొనకూడదు. ఆ మెగాహెర్ట్జ్‌లు 2022 వేలంలో సెల్‌ఫోన్ కంపెనీకి పోయాయి. ఒకే వేదిక మీద నాలుగైదు మైకులు పెట్టేటప్పుడు వాటి చానెళ్లు సమాన దూరంలో ఉండకూడదు. 600, 601 కలిసి 602 దగ్గర ఒక దయ్యాన్ని పుట్టిస్తాయి, అక్కడున్న మూడో మైకును అది మింగేస్తుంది. ఇవన్నీ దుకాణంలోనే చూసుకుని బిగించి పంపాలి. పందిట్లో వెతుక్కునే పని పెట్టకూడదు.

అడవిలోకి పోయేకొద్దీ ఈ బాధ తగ్గడం ఇక్కడి విశేషం. సెల్ టవర్ అందని గూడెంలో మైకుకు పోటీ లేదు. నాసిరకం సెట్టు కూడా దర్జాగా పలుకుతుంది. అదే సెట్టు నవమి నాడు భద్రాచలం తెస్తే టీవీ వాళ్ల మైకులు, పోలీసు వాకీటాకీలు, వేలాది ఫోన్ల మధ్య తడబడుతుంది. గూడెంలో పరీక్షించి పట్నానికి తేకూడదు, పట్నంలో పరీక్షించి గూడేనికి పంపాలి.

రిసీవర్‌ను ఎక్కడ పెట్టాలన్నది మరీ సులువు. మనుషుల తలల కన్నా ఎత్తున, మైకుకు కనపడేలా. ఇనప పెట్టెలో, రేకు వెనక, స్టేజీ కింద పెట్టినవాడికి మాట రాదు. రామానుజుడు గోపురం ఎక్కడానికి కారణమూ అదే. గొంతుకైనా అలకైనా మధ్యలో మనుషులు అడ్డు.

సామాను దింపి పోయే కుర్రాడు ఎంత చెప్పాలి? తనకు తెలిసిందంతా చెబితే వినేవాడికి ఏమీ మిగలదు. పనికొచ్చేది రెండు మాటలే. ‘అయ్యగారూ, నోటికి నాలుగు వేళ్ల దూరంలో పట్టుకోండి. ఆ బాక్సుల ముందుకు మాత్రం పోకండి, కుయ్యిమని కూస్తది.’ తల మీద జాలీని గుప్పిట్లో మూసి పట్టుకుంటే కూత ఇంకా పెరుగుతుందనే మూడో మాట కూడా ఉంది కానీ, చాలాసార్లు మూడో మాట చెప్పగానే మొదటి రెండూ పోతాయి. ఆఖరున ఒక వైరు మైకు పెట్టెలో ఉండి తీరాలి. సెల్లు అక్కర్లేదు, చానెల్ అక్కర్లేదు. అన్నీ చేతులెత్తేసినప్పుడు అదే దిక్కు.

డిజిటల్ మంచిదా, పాత అనలాగ్ మంచిదా అని అడిగేవాళ్లకు ఒక తేడా చెప్పాలి. అనలాగ్ పోయేముందు ఉసురుమంటూ హెచ్చరిస్తుంది. మాట సన్నబడుతుంది, గరగర మొదలవుతుంది. డిజిటల్ చివరిదాకా స్వచ్ఛంగా పలికి ఒక్కసారిగా మూగబోతుంది. ఏ రకం చావు మేలో పెద్దలు తేల్చలేదు. కొత్తవాళ్ల చేతికిచ్చేటప్పుడు హెచ్చరించేదే నయమని ఈ వ్యాసం పక్షం.

ఇక ఏ మైకూ సులువుగా లొంగని గొంతొకటి ఈ అడవిలో ఉంది. కోయ డోలీలది. గోత్రాల కథలు, వేల్పుల కథలు, సమ్మక్క సారలమ్మల కథ పడిగె గుడ్డ మీది బొమ్మల వరసలో, డోలు వాయిస్తూ పాడతారు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యకు ఈ విద్యకే 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయాడు. రెండు చేతులూ డోలు మీదున్నవాడికి చేతి మైకు ఎలా ఇస్తారు? కాలర్ మైకు పెడితే డోలు దెబ్బ గొంతును తొక్కేస్తుంది. తల మీదుగా చెంప దగ్గరికి వచ్చే మైకు సరిపోతుంది కానీ దాని తీగ సన్నం, రెండు అద్దెలకే విరుగుతుంది. కాబట్టి స్టాండు మీద మామూలు మైకు, నోటికి దగ్గరగా, డోలుకు అసలు మైకు లేకుండా. డోలు అడవి దాటి వినపడేలా పుట్టింది, దానికి సాయం అక్కర్లేదు. తూకం తప్పితే కోయ మాటలు డోలు మోత కింద పడిపోతాయి. 2011 జనాభా లెక్కల్లో ఆ భాష మాట్లాడేవాళ్లు నాలుగు లక్షలు. ఆ మాటల్లో ఒక్కటి కూడా మోత కింద పోగొట్టుకునే స్థితి దానికి లేదు.

అలాగని అన్నీ మైకుకెక్కాలా? మేడారంలో చిలకలగుట్ట మీద సమ్మక్కకు వడ్డెలు, అంటే కోయ పూజారులు, చేసే పూజ బయటివాళ్లు చూడరు, వినరు. గుట్ట కింద లక్షల జనం ఉంటారు. రెండేళ్లకోసారి ఆ జాతరలో హారన్లకు, పాటలకు, తప్పిపోయినవాళ్ల పేర్ల ప్రకటనలకు కొదవ ఉండదు. గుట్ట మీద మాత్రం ఏ మైకూ లేదు. అమ్మ దిగి వస్తున్నదని జనానికి తెలిపేది పోలీసు అధికారి గాలిలోకి పేల్చే తుపాకీ చప్పుడు. అంత గుంపు మధ్య అంత మౌనాన్ని కాపాడుకున్నవాళ్ల దగ్గర, మైకు అద్దెకిచ్చేవాళ్లు నేర్చుకోవలసింది ఉంది.

ఎందుకంటే, సులువైన మైకులో ఒక మోసం దాగి ఉంది. మధ్యలో ఎవరూ పొరపాటున ఆపేయకుండా కొన్ని మైకుల్లో స్విచ్చికి తాళం ఉంటుంది. అద్దెకిచ్చేవాళ్లకు అది ప్రాణం. తాళం వేసి పంపితే ‘మైకు పనిచేయట్లేదు’ అనే ఫోన్లు సగానికి సగం ఉండవు. కానీ మనిషికి అన్ని మీటలూ దాచేసి, చివరికి ఊరుకునే మీట కూడా దాచేస్తే అది సులువు కాదు, పెత్తనం. గీత పదిహేడు అధ్యాయాలు దాటాక, చెప్పవలసిందంతా చెప్పాక, ఇక ఆలోచించుకుని నీ ఇష్టం వచ్చినట్టు చేయమని కృష్ణుడు అర్జునుడికే వదిలేశాడు. తాళమేసిన కాలర్ మైకుతో పురోహితుడు పక్కకు వెళ్లి దక్షిణ గురించి బావమరిదితో మాట్లాడినా పందిరంతా వింటుంది. అది నవ్వుకుని ఊరుకునే సంగతి. ఉపాంశుగా, పెదవి దాటకుండా అనవలసిన మంత్రం బాక్సుల్లో మోగితే నవ్వేది కాదు. నూరు రెట్లని మనువు చెప్పినదాన్ని యంత్రం మళ్లీ పదికి దించేసింది.

అందుకని గెయిన్‌కు టేపు వేయవచ్చు, చానెల్‌కు మూత వేయవచ్చు, రిసీవర్ శబ్దం మీటను తీసేసి జేబులో వేసుకోవచ్చు. ఆన్, ఆఫ్ స్విచ్చి మాత్రం మాట్లాడేవాడి బొటనవేలి కింద, చీకట్లో తడిమినా దొరికేలా ఉండాలి. పొరపాటున ఆపేస్తాడా? ఆపేస్తాడు. మళ్లీ వేసుకుంటాడు.

భద్రాచలం సత్రాల్లో ఒడుగులు చేసుకునే కుటుంబాలు ఏటా ఉంటాయి. పందిరి చిన్నది, చుట్టాలు ఎక్కువ, కాబట్టి మైకు సెట్టు తప్పదు. హోమం దాకా అన్నీ బాక్సుల్లో వినిపిస్తాయి: సంకల్పం, పిల్లవాడి గోత్రం, నవ్వులు, ఎవరో పెద్దావిడ మంచినీళ్లు అడగడం. బ్రహ్మోపదేశం వేళకు తండ్రి, కొడుకు, పురోహితుడు కొత్త పంచె కిందికి దూరతారు. గాయత్రి చెవిలో చెప్పవలసింది. పంచె కింద పురోహితుడి వేలు ఛాతీ మీది స్విచ్చిని వెతుక్కుంటుంది. దొరుకుతుంది. బాక్సుల్లో చిన్న టక్కుమన్న చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు. బయట కూర్చున్నవాళ్లకు పంచె కదలడం కనిపిస్తుంది. సన్నాయి మొదలవుతుంది.